విత్తనం నుంచి సీతాకోకచిలుక దాకా: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన శ్రమంతా విత్తనాలకే పోయింది. పూలమొక్కలు ఎన్ని పెంచినా సీతాకోకచిలుకలు వచ్చి తేనె తాగి వెళ్లిపోతాయి. గుడ్లు పెట్టాలంటే మాత్రం గొంగళిపురుగు తినే ఆకే కావాలి. అందుకే అలా గొంగళికి ఆహారమయ్యే ఆతిథ్య మొక్కలకే నారుమడి కేటాయించాం. కొమ్మలు నాటితే పని తొందరగా అయ్యేదే కానీ, ఒకే తల్లిమొక్క కొమ్మలన్నిటిదీ ఒకే గుణం. తెగులు తగిలితే అన్నీ కలిసే పోతాయి. కాబట్టి చాలా మొక్కల నుంచి, ఒక్కోదాని నుంచి కొద్దికొద్దిగా గింజలు తెచ్చాం.

రేల గింజ పెంకు గట్టిది, నీరు లోపలికి దిగదు. ఒక పక్క గరుకు కాగితంతో రుద్ది రాత్రంతా నానబెట్టాం. ఉబ్బినవి సంచుల్లోకి వెళ్లాయి, ఉబ్బనివి మళ్లీ రుద్దుడుకు వచ్చాయి. జిల్లేడుకు ఈ తంటా లేదు. కాయ పగిలేముందే కోసుకోవాలి, అంతే. ఈశ్వరి తీగ కాయ ఎండితే తలకిందులైన గొడుగులా విచ్చుకుని పలచని గింజలు రాల్చేస్తుంది, ముందే గుడ్డసంచి కట్టాలి. కరివేపాకు గింజ దాస్తే మొలకెత్తదు. గుజ్జు తీసి వెంటనే వేయాలి. డబ్బాల్లో భద్రపరుస్తున్న సభ్యులు గమనించగలరు.

జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్, రేల మీద ఎమిగ్రెంట్, కరివేపాకు మీద కామన్ మార్మన్, ఈశ్వరి మీద కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుకల పిల్లలు, అంటే గొంగళిపురుగులు, పెరుగుతాయి. ఆకులకు చిల్లులు పడ్డాయని, మందు కొట్టాలని కొందరు పట్టుబట్టారు. చిల్లుల కోసమే కదా ఇన్ని పాట్లు! వేపనూనె కూడా గొంగళిని చంపుతుంది కనుక ఏ మందూ వద్దని తీర్మానించాం. జిల్లేడుకు పట్టే పసుపు పేనుబంకను, ఆకు అడుగున గుడ్లు లేవని చూసుకుని, నీళ్లతో కడిగితే చాలు.

అందంగా ఉంటుందని ఈశ్వరికి బంధువైన విదేశీ ఏరిస్టలోకియా తీగను విరాళంగా ఇస్తామన్నవారికి వద్దని చెప్పాం. ఆస్ట్రేలియాలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే సీతాకోకచిలుక అలాంటి తీగ మీద కూడా గుడ్లు పెడుతుంది, ఆ ఆకు తిన్న పిల్లలు చనిపోతాయి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

తొలకరి పడగానే నాట్లు మొదలవుతాయి. మొక్కలను ఒక్కొక్కటిగా చెదరగొట్టకుండా గుంపులుగా పెడదాం. ఒక మొక్క ఆకు అయిపోతే గొంగళి పక్కదానికి పాకగలగాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, చేతితొడుగులు తప్పక తెచ్చుకోండి.

కార్యదర్శి