షుగర్ చూసేటప్పుడు కాళ్లు కూడా చూడమనండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విశాఖ వన్‌టౌన్. మా అమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని అమ్ముతుంది. తెల్లవారకముందే ఐసు నీళ్లలో నిలబడి పని. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది.

కిందటి వానాకాలం చిటికెన వేలి సందులో దురద మొదలైంది. విడదీసి చూస్తే చర్మం నానిన అటుకుల్లా తెల్లగా, మెత్తగా ఉంది. మధ్యలో సన్నటి చీలిక. మందుల షాపులో అడిగితే ఏదో ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో దురద పోయిందని అమ్మ సంబరపడింది. అందులో స్టెరాయిడ్ ఉందని మాకు తెలియదు. దురద తగ్గింది గానీ దానికి కారణమైన ఫంగస్ పాకుతూనే ఉంది. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారి ఉన్నాయి కదా, చీలిక నొప్పి కూడా తెలియలేదు. అందులోంచి చీము పట్టి, పిక్క దాకా వాచాక ఆస్పత్రికి పరుగెత్తాం. వేలు తీసేశారు.

ఇన్నేళ్లూ నెలనెలా ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. షుగర్ చూశారు, బీపీ చూశారు, మాత్రలిచ్చారు. "చెప్పులు విప్పమ్మా" అని ఒక్కసారీ ఎవరూ అనలేదు. సిస్టర్లను తప్పు పట్టను. అమ్మ కార్డులో పాదాలకు గడే లేదు.

ఆ గడి పెట్టించండి. వెళ్లిన ప్రతిసారీ వేళ్ల సందులు, గోళ్లు, మడమలు చూడాలి. ఏడాదికోసారైనా పది గ్రాముల మోనోఫిలమెంట్‌తో స్పర్శ పరీక్షించాలి. అదొక నైలాన్ పోగు, పాదానికి ఆనించి నొక్కితే పది గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. కరెంటు కూడా అక్కర్లేదు. ఫంగస్ ఉంటే క్లోట్రిమజోల్, టెర్బినఫిన్ లాంటి పూతమందు అక్కడే ఇచ్చి, దురద పోయినా డాక్టరు చెప్పినన్నాళ్లూ రాయమని గట్టిగా చెప్పాలి. కొబ్బరినూనె మడమలకే, వేళ్ల సందుల్లో వద్దనీ చెప్పాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ ట్యూబులు అమ్మే షాపుల మీద తనిఖీలు పెట్టండి.

ఇంకొకటి. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు సుమారు 32 కిలోమీటర్లు వానలో వట్టి కాళ్లతో నడిచేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లూ ఉంటారు. మొక్కు మానమని చెప్పలేం. దారిలోని శిబిరాల్లో వాళ్ల పాదాలు తుడిచి, చూసి పంపించండి.

అమ్మ మళ్లీ హార్బర్‌కు వెళ్తోంది. ఇంటికి రాగానే పాత నూలు చీర ముక్కతో వేళ్ల మధ్య నేనే తుడుస్తున్నాను. పక్కింటి అత్తకూ వేలి సందు తెల్లబడింది. సోమవారం ఆమె షుగర్ చూపించుకోవడానికి వెళ్తోంది.

ఇట్లు,
ఒక కూతురు,
విశాఖపట్నం