బాబాయి గారి స్కూటర్ కొనేముందు

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? మొన్న ఫోన్లో నువ్వు గబగబా చెప్పుకుపోయావు, నేనేమో ఆఫీసు గోలలో ఊఁ కొట్టి పెట్టేశాను. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు, కాస్త పొడుగు ఉత్తరమే ఇది.

బాబాయి గారికి మొబిలిటీ స్కూటర్, అదే నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి, కొందామన్న ఆలోచన చాలా మంచిది. మోకాళ్లు అరిగిపోయి, నాలుగడుగులకే ఆయాసం వస్తున్న మనిషిని ఇంగ్లండ్‌కి తెచ్చి ఈ రెడింగ్‌లో నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే ఎలా? తెనాలి డిపోలో అన్నేళ్లు ఆర్టీసీ బస్సు నడిపినాయన ఆయన. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోవడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. నువ్వు అన్న ఒక్క మాట మాత్రం నా మనసులో ఉండిపోయింది: "గంటకి ఎనిమిది మైళ్లు పోయేది ఉందిరా, అదే తీసుకుంటా, డబ్బులు పెట్టేది ఎలాగూ ఒక్కసారేగా." దానికి తొందరపడకు. బండిని వేగం చూసి కొనకూడదు. మీ ఇంటి గుమ్మం నుంచి ఆయన వెళ్లాలనుకునే చోటి దాకా ఉన్న దారి చూసి కొనాలి.

ముందు ఇక్కడి లెక్క చెప్తాను. చేత్తో తోసుకునే చక్రాల కుర్చీ క్లాస్ 1. మోటారుతో నడిచేవి క్లాస్ 2, క్లాస్ 3. క్లాస్ 2 గంటకి 4 మైళ్లు దాటదు, అంటే మన లెక్కలో ఆరున్నర కిలోమీటర్ల లోపే. అది ఫుట్‌పాత్ బండి. ఫుట్‌పాత్ లేని చోటా, రోడ్డు దాటాల్సిన చోటా తప్ప రోడ్డెక్కకూడదు. క్లాస్ 3 రోడ్డు మీద 8 మైళ్ల దాకా పోతుంది. అయితే అది ఫుట్‌పాత్ ఎక్కిందంటే మీట తిప్పి 4 మైళ్లకే కట్టేయాలి. ఆ మీట బండిలో ఉండి తీరాలి. లైట్లు, ఇండికేటర్లు, హారన్, వెనక చూసే అద్దం కూడా ఉండాలి. బండి వెడల్పు 85 సెంటీమీటర్లు, బరువు 150 కిలోలు మించకూడదు. క్లాస్ 2 అయితే మామూలుగా 113 కిలోల లోపే. క్లాస్ 3ని డీవీఎల్‌ఏలో, అంటే ఇక్కడి బళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో, రిజిస్టర్ చేయించాలి, పన్ను మాత్రం సున్నా, నంబరు ప్లేటు కూడా తగిలించక్కర్లేదు. నడిపేవాళ్లకి పద్నాలుగేళ్లు నిండి ఉండాలి. రెండిట్లో దేనికీ లైసెన్సు అక్కర్లేదు, ఎంఓటీ అనే ఏటేటా చేసే బండి తనిఖీ అక్కర్లేదు, ఎందుకంటే చట్టం వీటిని మోటారు వాహనాల కింద లెక్కవేయదు.

ఇప్పుడు ఆలోచించు. మీ ఇంటి నుంచి పార్కు, లైబ్రరీ, జీపీ (మీ డాక్టరు) దగ్గరికి పోయే దారంతా ఫుట్‌పాతేనని నువ్వే చెప్పావు. అక్కడ క్లాస్ 3 కొన్నా పోయేది 4 మైళ్లే. ఆ మిగతా నాలుగు మైళ్ల కోసం పెద్ద బండి, పెద్ద బరువు, కారు డిక్కీలో పట్టని సైజు ఎందుకురా? పైగా 8 మైళ్ల బండిని కార్ల మధ్యకి తీసుకెళ్తే ఆయనే అందరికంటే నెమ్మది, అందరికంటే ఎత్తు తక్కువ. మధ్యలో డివైడర్ ఉండే డ్యూయల్ క్యారేజ్‌వే మీద అయితే నాకు తలచుకుంటేనే భయం. 50 మైళ్ల వేగం పైబడిన వాటి మీదకి వీటిని తేవద్దనే ఇక్కడ సలహా, తెచ్చినా పసుపు దీపం తిరుగుతూ ఉండాలి. మోటార్‌వే, బస్ లేన్, సైకిళ్లకే కేటాయించిన లేన్ అసలు కూడదు. ఊరి బయట, ఫుట్‌పాత్ లేని పల్లెల్లో ఉండేవాళ్లకి క్లాస్ 3 అవసరమే, నేను కాదనను. మీకు మాత్రం క్లాస్ 2 చాలు.

ఇంకో సంగతి. ఆ కుర్రాళ్లు నిలబడి జుయ్యిమని పోయే ఈ-స్కూటర్లకీ వీటికీ సంబంధం లేదు. సొంతంగా కొన్న ఈ-స్కూటర్ రోడ్డు మీదా ఫుట్‌పాత్ మీదా నడపడం ఇక్కడ చట్టవిరుద్ధం. మన బండి మాత్రం నడవలేనివాళ్ల కోసం ఇచ్చిన వెసులుబాటు. అందుకే నువ్వు సరదాకి దానెక్కి పాలప్యాకెట్ తేవడానికి పోకూడదు. నడవడానికి ఇబ్బంది లేనివాళ్లు అమ్మేముందు చూపించడానికో, నేర్పడానికో, రిపేరుకి తీసుకెళ్లడానికో మాత్రమే నడపొచ్చు. పిల్లల్ని తాత ఒళ్లో ఎక్కించొద్దని కూడా ఇప్పుడే చెప్పి పెట్టుకో. తర్వాత ఏడిపించి దింపడం కష్టం. అది ఒక్క మనిషి కోసం తూకం వేసి చేసిన బండి.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది బ్రేకు గురించి. బాబాయి గారి కాలికి బ్రేకు వెతుక్కునే అలవాటు ఉంటుంది. ఈ బండికి కాలి దగ్గర ఏమీ ఉండదు. హ్యాండిల్‌కి రెండువైపులా చిన్న మీటలుంటాయి. చాలా బళ్లలో కుడి బొటనవేలితో నొక్కితే ముందుకి, ఎడమదాంతో నొక్కితే వెనక్కి. వదిలేస్తే బండి దానంతటదే ఆగిపోతుంది. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూశావా? కంగారు పడ్డప్పుడు మనిషి ఏం చేస్తాడు? దొరికిందాన్ని గట్టిగా పట్టుకుంటాడు. పట్టు బిగిస్తే మీటా బిగుసుకుంటుంది, బండి ఇంకా ముందుకి దూకుతుంది. షాపు అద్దాల్లోకి, గోడల్లోకి దూసుకుపోవడాలు ఎక్కువ ఇలాంటివే. మా అమ్మకి నేర్పేటప్పుడు ఖాళీ కార్ పార్కులో నేను పక్కన నడుస్తూ ఉన్నట్టుండి "వదులు!" అనేవాణ్ణి. చెయ్యి తెరవడం అలవాటయ్యేదాకా అదే పని. మొదట విసుక్కుంది, తర్వాత పిల్లి అడ్డం వచ్చినప్పుడు చెయ్యి దానంతటదే తెరుచుకుంది. బాబాయి గారితో కూడా బయటికి తీసుకెళ్లే ముందు ఇదే చేయించు. వేగం తిప్పే గుండీ మీద ఒక చివర తాబేలు బొమ్మ, ఇంకో చివర కుందేలు బొమ్మ ఉంటాయి. మొదటి రోజుల్లో తాబేలు దగ్గరే ఉంచు. షాపుల్లోకి, లిఫ్టుల్లోకి వెళ్లేటప్పుడు ఎప్పటికీ తాబేలే.

రెండోది ఫుట్‌పాత్ దిగడం. రోడ్డు దాటేచోట అంచుని వాలుగా చేసి పెడతారు చూడు, ఇక్కడ డ్రాప్డ్ కెర్బ్ అంటారు. కాస్త చుట్టు తిరగాల్సి వచ్చినా అక్కడే దిగాలి, అక్కడే ఎక్కాలి. తప్పనిసరై గట్టు దిగాల్సి వస్తే బండిని ఏటవాలుగా కాదు, తిన్నగా అంచుకి ఎదురుగా నిలబెట్టి దించాలి. ఏటవాలుగా దిగితే ఒక చక్రం ముందు జారి బండి పక్కకి పడుతుంది. ఎంత ఎత్తు గట్టు ఎక్కగలదో తయారీదారు పుస్తకంలో ఉంటుంది, అంతకు మించి ప్రయత్నించొద్దు. ఇందుకే మూడు చక్రాల బండి వద్దంటాను. ఇంట్లో చిన్న మలుపుల్లో అది బాగానే తిరుగుతుంది, కానీ వాలు మీద మలుపు తిప్పితే నాలుగు చక్రాల దాని కంటే త్వరగా ఒరుగుతుంది.

రోడ్డు దాటేది బటన్ నొక్కే సిగ్నల్ దగ్గరైతే మేలు. బాబాయి గారు కూర్చుంటే పార్క్ చేసిన కారు వెనక అసలు కనబడరు. అందుకే బండి వెనక ఒక జెండా కర్ర, ఆయనకి మెరిసే జాకెట్ కొను. చీకటి పడ్డాక రోడ్డు మీద ఉంటే లైట్లు వేయాల్సిందే. శీతాకాలంలో ఇక్కడ నాలుగింటికే చీకటి కదా. ఇంకొకటి, ఫుట్‌పాత్ లేని చోట నడిచేవాళ్లు ఎదురొచ్చే బళ్లని చూస్తూ కుడిపక్క నడవాలంటారు, స్కూటర్ మాత్రం బళ్లు పోయే దిక్కునే ఎడమపక్క పోవాలి. ఈ తేడా చాలామందికి తెలియదు.

ఫుట్‌పాత్ మీద మాత్రం నడిచేవాళ్లదే మొదటి హక్కు. ఇది ఆయనకి మెల్లగా నచ్చజెప్పు. బస్సు నడిపిన చెయ్యి హారన్ మీదకి పోతుంది. వెనక నుంచి హారన్ కొడితే ఇక్కడి ముసలమ్మలు అదిరిపడతారు. "ఎక్స్‌క్యూజ్ మీ" అనడం నేర్పు, ఆయన గొంతుకి అదే చాలు! చెవులు వినబడనివాళ్లుంటారు, తెల్లకర్రతో వచ్చేవాళ్లుంటారు, వాళ్ల కోసం ఈయనే ఆగాలి.

ఫుట్‌పాత్ మీద కార్లు ఎక్కించి పెడతారే, అది చూస్తే నా ఒళ్లు మండుతుంది. లండన్‌లో 1974 నుంచి నిషేధం ఉంది. స్కాట్లాండ్‌లో 2019లో చట్టం చేసి 2023 డిసెంబరు నుంచి జరిమానాలు మొదలుపెట్టారు. మా లెస్టర్‌లో, మీ రెడింగ్‌లో అలాంటి మొత్తం నిషేధం లేక, రెండు చక్రాలు పైకెక్కించి దర్జాగా పోతుంటారు. దానికి తోడు చెత్తబుట్టల రోజు వచ్చిందంటే దారంతా బిన్లే. మా వీధిలో ఒక వ్యాను ఎప్పుడూ అలాగే ఉండేది. అమ్మ వెనక్కి తిరిగి డ్రాప్డ్ కెర్బ్ దాకా పోయి, రోడ్డు మీదుగా చుట్టి రావాల్సి వచ్చేది. నడవగలిగేవాడికి అది ఒక అడుగు పక్కకి జరగడమే, ఆవిడకి ప్రాణం అరచేతిలో పెట్టుకోవడం. వెళ్లి తలుపు తట్టి చెప్పాను, ఆయన మర్యాదగానే తీశాడు. అన్నిచోట్లా తీయరు. అందుకే బండి కొనేముందు ఒకరోజు నువ్వు ఆ దారంతా నడిచి చూడు. ఎక్కడ వాలు ఉంది, ఎక్కడ ఫుట్‌పాత్ ఇరుకు, ఎక్కడ కార్లు పెడతారు, చెత్తబుట్టలు ఏ వారం బయటుంటాయి, అన్నీ చూసుకో.

బట్టల సంగతి ఏ అమ్మకందారూ చెప్పడు. మా అమ్మ బెల్‌గ్రేవ్ రోడ్డులో దొండకాయలకి పోయేటప్పుడు పైటకొంగు దోపుకుని పిన్ను పెట్టుకుంటుంది, కుచ్చిళ్లు కాళ్ల కింద నొక్కిపెట్టి కూర్చుంటుంది. ఒకసారి కొంగు వెనక చక్రం దాకా జారితే పక్కన పోయే గుజరాతీ ఆవిడ కేకేసి ఆపింది. బాబాయి గారు పంచె కట్టి వెళ్తానంటే కాదనకు, అంచులు మాత్రం లోపలికి మడిచి కూర్చోమను. మఫ్లర్ కోటు లోపల ఉండాలి, వేలాడకూడదు. సంచి హ్యాండిల్‌కి తగిలించొద్దు, తిప్పడానికి అడ్డం వస్తుంది. ముందు బుట్ట ఉంటుంది, అందులో వేసుకోమను.

కళ్లు ఒకసారి చూపించు. చట్టం పట్టుబట్టదు గానీ 12.3 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు చదవగలగాలని సలహా. కారు నడిపేవాళ్లకి అది 20 మీటర్లు. ఆయనకి శుక్లం ఆపరేషన్ ఒక కంటికే అయిందన్నావు కదా, రెండోదాని సంగతి కూడా అడుగు. మగతగా ఉండే మందులు వేసుకున్న పూట బండి తీయకూడదు. బీమా కూడా తప్పనిసరి కాదు, అయినా చేయించు. ఎవరికైనా తగిలితే ఆ ఖర్చు మనమే భరించాల్సి వస్తుంది, పైగా దారిలో ఆగిపోతే ఇంటికి చేర్చే సదుపాయం ఉన్న పాలసీలు కూడా దొరుకుతాయి.

ఛార్జింగ్ దగ్గర అశ్రద్ధ చేయకు. మీది ఫ్లాటు, మెట్ల దగ్గర ఖాళీ ఉంది కదా అని అక్కడ పెట్టేవు. అగ్నిమాపక వాళ్లు ఖచ్చితంగా వద్దనే చోటు అదే. బ్యాటరీ అంటుకుంటే అందరూ బయటపడే దారి మూసుకుపోతుంది. బండితో వచ్చిన ఛార్జరే వాడు, చవగ్గా ఆన్‌లైన్లో దొరికే వేరేది వద్దు. చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, కాబట్టి రానూపోనూ కలిపి కంపెనీ రాసిన దూరంలో సగం దాటకుండా చూసుకో. వెనక ఒక ఫ్రీవీల్ మీట ఉంటుంది, బండిని తోయడానికి. అది వేశాక బ్రేకు పనిచేయదు. వాలు మీద, మనిషి కూర్చుని ఉండగా దాన్ని ముట్టుకోకూడదు.

బస్సు గురించి అడిగావు. అన్ని స్కూటర్లనీ ఎక్కించరు. చాలా కంపెనీలు 60 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు లోపు క్లాస్ 2కే ఒప్పుకుంటాయి, కొన్ని ముందు శిక్షణ ఇచ్చి కార్డు ఇస్తాయి. రైళ్లకి ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, ముందే ఫోన్ చేయాలి. చిన్న బండి తీసుకోమనడానికి ఇదీ ఒక కారణం.

తెనాలి వెళ్లేటప్పుడు తీసుకెళ్దామా అన్నావు. నా మాట విని వద్దు. 2016లో మన దగ్గర వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, కాగితం మీద అన్నీ బాగున్నాయి. ఊళ్లో ఫుట్‌పాత్ మీదేమో ట్రాన్స్‌ఫార్మరు, బజ్జీల బండి, బైకులు. ఈ చిన్న చక్రాలు మన గతుకుల్లో దిగబడతాయి. అక్కడ ఆయన్ని ఆటోలో తిప్పు.

చివరిగా ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. దారి నేర్పాక ఆయన్ని ఒంటరిగా వెళ్లనివ్వరా. ఫోన్ జేబులో పెట్టు, చిరునామా కాగితం పెట్టు, మొదటి వారం నువ్వు వెనకాలే నడువు. ఆ తర్వాత మానేయి. నువ్వు వెంట ఉన్నంతకాలం అది నువ్వు తిప్పుతున్న బండే అవుతుంది. అమ్మ మొదటిసారి ఒక్కతే కూరగాయలు తెచ్చినప్పుడు చిల్లర లెక్క నాకు మూడుసార్లు చెప్పింది, తను బేరమాడిన సంగతి కూడా. ఇక్కడికి వచ్చాక ఆవిడ సొంతంగా ఖర్చు పెట్టిన మొదటి డబ్బులు అవే.

కొనేలోపు ఒక పని చెయ్యి. మీ టౌన్ సెంటర్లో షాప్‌మొబిలిటీ లాంటిది ఉందేమో కనుక్కో, చాలా ఊళ్లలో స్కూటర్లు గంటలకి, రోజుకి అద్దెకిస్తారు, నడపడం కూడా చూపిస్తారు. ఆయన్ని తీసుకెళ్లి రెండు మూడు రకాలు కూర్చోబెట్టి చూడు. కొనేటప్పుడు దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లకి వ్యాట్ మినహాయింపు ఉంటుంది, షాపువాళ్లు ఒక ఫారం ఇస్తారు, మర్చిపోకుండా అడుగు. ఈలోగా మీ గుమ్మం వెడల్పు, లిఫ్టు లోపలి పొడవు, కారు డిక్కీ కొలతలు టేపుతో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. బాబాయి గారి బరువు కూడా. నేను శనివారం ఇక్కడి షాపులో కనుక్కుని నీకు ఫోన్ చేస్తా.

పిన్నికి, బాబాయి గారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రమణ