తలుపు తీసినాయన కంటే ముందు గ్యాస్ కట్టేసిన అంకుల్‌కి థాంక్స్

నిన్న పొద్దున మా మియాపూర్ అపార్ట్‌మెంట్ నాలుగో ఫ్లోర్లో నైటీ మీద, కాళ్ళకి చెప్పుల్లేకుండా, చేతిలో ఖాళీ చెత్తబుట్టతో గంటన్నర నిలబడింది నేనే. లిఫ్ట్‌లో వస్తూ పోతూ చూసినవాళ్ళంతా ఏమైంది ఏమైంది అని అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. పనిలో పనిగా థాంక్స్ చెప్పాల్సినవాళ్ళు ముగ్గురున్నారు, హడావిడిలో ఒక్కరికీ సరిగ్గా చెప్పలేదు.

జరిగింది ఇంతే. చెత్త తీసుకెళ్ళే అమ్మాయి బెల్ కొట్టింది. బుట్ట తీసుకెళ్ళి ఆమె సంచిలో కుమ్మరించి వెనక్కి తిరిగేలోపు బాల్కనీ వైపు నుంచి గాలి వచ్చి తలుపు ధడేల్‌మని పడింది. మాది నైట్ లాచ్, పడిందంటే బయటి నుంచి తాళంచెవి లేనిదే రాదు. తాళంచెవి టీవీ పక్కన గిన్నెలో ఉంది. ఫోన్ మంచం మీద ఛార్జింగ్‌లో ఉంది. స్టవ్ మీద కుక్కర్లో కందిపప్పు ఉంది, మంట పెద్దది.

పక్కింటి అక్క తలుపు బాదాను. ఆమె నన్ను చూసి ఒక్క ముక్క అడగలేదు, లోపలికెళ్ళి చున్నీ ఒకటి, చెప్పులు ఒక జత తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాతే "ఏమైందమ్మా" అంది. అక్కా, ఆ వరస నేను మర్చిపోను.

ఐదు నిమిషాల్లో కారిడార్లో చిన్న సభ తయారైంది. అందరిదీ ఒకటే చర్చ, తలుపు ఎలా తీయాలి. వాచ్‌మన్ భుజంతో గుద్దుతానన్నాడు. పై ఫ్లోర్ అబ్బాయి, పాపం మంచి ఉద్దేశమే, అక్క వాళ్ళ బాల్కనీ నుంచి మా బాల్కనీలోకి దూకుతానని ప్యాంటు మడుస్తున్నాడు. బాబూ, నాలుగో అంతస్తు. ఎవరో అక్క దగ్గర పాత డెబిట్ కార్డు తీసుకుని సందులో దూర్చారు, అది ఫట్‌మని రెండు ముక్కలైంది, ఒక ముక్క ఇప్పటికీ ద్వారబంధంలోనే ఉంది.

అప్పుడు మూడో ఫ్లోర్ అంకుల్ మెట్లెక్కి వచ్చారు. తలుపు వైపు చూడను కూడా లేదు. "స్టవ్ వెలుగుతోందా?" అని ఒక్క మాట అడిగారు. వెలుగుతోంది అంకుల్ అన్నాను. మాకు పైపు గ్యాస్. కారిడార్ చివర డక్ట్ తలుపు తీస్తే పసుపు రంగు పైపులు, ఒక్కో ఫ్లాట్‌కీ విడిగా ఒక వాల్వ్ ఉంటాయి. ఈ ఇంట్లోకి వచ్చి మూడేళ్ళయింది, ఆ తలుపు వెనక ఏముందో నేను ఒక్కసారీ చూడలేదు. అంకుల్ మా ఫ్లాట్ నంబరు చూసుకుని పిడి తిప్పారు. "చూడమ్మా, పిడి పైపుతో పాటు నిలువుగా ఉంటే గ్యాస్ వస్తున్నట్టు, పైపుకి అడ్డంగా ఉంటే ఆగినట్టు." అంతే, పావు తిప్పు.

అప్పటికి రెండు విజిల్స్ అయ్యాయి. మూడోదానికి ముందు కుక్కర్ బుసకొడుతుంది చూడండి, ఆ బుస తలుపు సందులోంచి వినిపిస్తోంది. అందరం నోళ్ళు మూసుకుని చెవి తలుపుకి ఆనించాం. బుస సన్నబడింది, ఇంకా సన్నబడింది, విజిల్ ఎత్తుకోకుండానే ఆగిపోయింది. నా కాళ్ళలో వణుకు మొదలైంది అప్పుడే, అంతవరకూ టెన్షన్‌లో తెలియలేదు. అలాగే వదిలేసి ఉంటే నీళ్ళన్నీ ఆవిరైపోయి మూత మీద సేఫ్టీ వాల్వ్‌లో ఉండే మెత్తటి లోహం కరిగి ఆవిరి తన్నుకొచ్చేదట, ఆ తర్వాత మాడు, పొగ. పొగ కనిపిస్తే ఇక తలుపు సంగతి ఆలోచించొద్దు, 101కో 112కో కొట్టేయడమే అన్నారు అంకుల్.

వాల్వ్ కట్టేసి ఆయన వెళ్ళిపోలేదు. అసలు నేను ఈ పోస్టు రాస్తున్నది దీనికోసమే. "మంట ఆరింది గానీ లోపల స్టవ్ నాబ్ తెరిచే ఉంది. ఎవరైనా మంచికిపోయి ఈ వాల్వ్ తిప్పారంటే మంట లేకుండా గ్యాస్ ఇల్లంతా నిండుతుంది" అని కుర్చీ తెప్పించుకుని డక్ట్ తలుపు ముందే కూర్చున్నారు. పేపర్ చదువుకుంటూ. తలుపు తెరుచుకునేదాకా.

సిలిండర్ ఉన్నవాళ్ళకి ఇలా బయట వాల్వ్ ఉండదు, రెగ్యులేటర్ లోపలే ఉంటుంది కాబట్టి వాళ్ళకి ఈ దారి లేదు.

ఇక రెండో తాళంచెవి సంగతి. అది మా ఆయన జేబులో ఉంటుంది, ఆయన ఆఫీసు ఎల్బీనగర్లో. మెట్రో రెడ్ లైన్ ఈ చివర మేము, ఆ చివర ఆయన, మొత్తం 27 స్టేషన్లు. సరే ఫోన్ చేద్దామంటే, సిగ్గులేకుండా చెబుతున్నా, పదేళ్ళ కాపురంలో ఆయన నంబరు నాకు నోటికి రాదు. నోటికొచ్చింది ఒక్కటే, ఖమ్మంలో మా అమ్మ నంబరు. అక్క ఫోన్ నుంచి అమ్మకి చేస్తే, అమ్మ కళ్ళజోడు వెతుక్కుని, గోడ మీద క్యాలెండర్ వెనక రాసుకున్న అల్లుడి నంబరు ఒక్కో అంకె చదివి చెప్పింది, మధ్యలో "ఇంకా టిఫిన్ తినలేదా" అని కూడా అడిగింది. ఆయన ఫోన్ ఎత్తలేదు. మీటింగట.

ఈలోగా పై ఫ్లోర్ అబ్బాయి నెట్లో వెతికి ఒకతన్ని పిలిచాడు. ఫోన్లో 400 అన్నాడు. వచ్చి తలుపుని ఇలా తట్టి అలా తట్టి, ఇది రాదు మేడమ్, డ్రిల్ పెట్టి లాక్ తీసేయాలి, కొత్త లాక్‌తో కలిపి 3,500 అన్నాడు. నేను ఆ స్థితిలో 5,000 అన్నా ఒప్పుకునేదాన్నే. అంకుల్ పేపర్లోంచి తలెత్తకుండా "గ్యాస్ ఆపేశాం కదమ్మా, తొందరేముంది, పంపించెయ్" అన్నారు. రాకపోకల ఖర్చు అంటూ 200 పట్టుకుని పోయాడు.

అప్పుడు వాచ్‌మన్ బండి మీద వెళ్ళి ఆల్విన్ చౌరస్తా వైపు రోడ్డు పక్కన తాళంచెవులు చేసే పెద్దాయన్ని ఎక్కించుకొచ్చాడు. ఆయన చేతిసంచి కింద పెట్టి, తాళం ముట్టుకోకుండా, ముందు నా మొహం చూశాడు. "అమ్మా, ఘర్ ఆప్‌కాచ్ హై నా?" నాదే అన్నాను. నువ్వంటే సరిపోదు అన్నాడు. వాచ్‌మన్‌ని అడిగాడు, అక్కని అడిగాడు, తలుపు తీశాక ఆధార్ చూపిస్తానని నాతో అనిపించుకున్నాడు. నిజంగా ఒక్క క్షణం కోపమొచ్చింది. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే, ఆ మొదటివాడు ఈ ప్రశ్న అడగనే లేదని గుర్తొచ్చింది.

తర్వాత సంచిలోంచి ఒక పాత ఎక్స్‌రే ఫిల్మ్ తీశాడు. కత్తిరించిన ముక్క, అంచులు అరిగి తెల్లబడ్డాయి, దాని మీద ఎవరిదో మోకాలు. దాన్ని సందులో పెట్టి ఒక చేత్తో జరుపుతూ రెండో చేత్తో తలుపుని మెల్లగా అటూ ఇటూ ఆడించాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు. టక్.

తలుపు దానంతటదే పడితే లోపలి నాలుక మాత్రమే పడుతుందట, దానికి ఒక పక్క ఏటవాలు, నెడితే వెనక్కి పోతుంది. తాళంచెవి పెట్టి రెండుసార్లు తిప్పితే ఆ నాలుక బిగుసుకుంటుంది, ఇక ఎక్స్‌రేకి లొంగదు. "బయటికెళ్ళేటప్పుడు ఊరికే లాగేసి పోతారా? రెండు చుట్లు తిప్పండి" అని తిట్టినట్టే చెప్పాడు. మూడేళ్ళుగా మేము ఊరికే లాగేసే పోతున్నాం, ఊళ్ళకి కూడా. 250 తీసుకున్నాడు. ఆధార్ మాత్రం మర్చిపోకుండా అడిగి చూశాడు.

నేను లోపలికి పరిగెత్తబోతే వెనక నుంచి అంకుల్ కేక, "ముందు నాబ్ కట్టు!" కట్టాను. కిటికీలు తీశాను. "కట్టేశావా?" కట్టేశాను అంకుల్. "మళ్ళీ చూడు." మళ్ళీ చూశాను. అప్పుడు వాల్వ్ తెరిచి, పేపర్ మడిచి చంకలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. కాఫీకి కూడా ఆగలేదు. అంకుల్ ఫోన్లో ఇవన్నీ చూడరు, వాళ్ళమ్మాయి చదివి వినిపిస్తుందని రాస్తున్నా. పప్పు బాగానే ఉడికింది అంకుల్, రెండు విజిల్స్‌కే.

మా ఆయన పదకొండున్నరకి ఫోన్ చేసి "ఏంటి, ఏదో కొత్త నంబర్ నుంచి ఆరు మిస్డ్ కాల్స్" అన్నారు. ఆయన సంగతి ఇంట్లో చూసుకుంటాను. రెండో తాళంచెవి మాత్రం ఇకనుంచి అక్క దగ్గర.

అక్కా, చున్నీ ఉతికి ఆరేశాను, సాయంత్రం తెచ్చి ఇస్తా. బెల్ కొడతాను, తలుపు తీసేటప్పుడు తాళంచెవి చేతిలో పట్టుకుని రా.