వార్షిక నివేదిక: ఐరిష్ వియ్యంకుల ఊరు వెతికాం

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, పిక్నిక్, దసరా ఎప్పట్లాగే జరిగాయి, లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపుతారు కాబట్టి వాటి జోలికి పోను. ఈ ఏడాది కొత్తగా చేసింది ఒక్కటే, ఇక్కడ అమెరికాలో మన తెలుగు ఇళ్లకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వచ్చిన ఐరిష్ సంతతి వాళ్ల పూర్వీకుల్ని వెతకడం. ఒక సభ్యుడి మనవరాలు స్కూలు కోసం వంశవృక్షం గీస్తే నాన్న వైపు గుంటూరు జిల్లా పల్లె దాకా వెళ్లిందిగానీ అమ్మ వైపు 'ఐర్లాండ్' అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయింది, అలా మొదలైంది.

1906కి ముందు అమెరికా పౌరసత్వ కాగితాల్లో చాలావరకు ఆ ఒక్క మాటే ఉంటుంది. మనకి కావలసింది 'టౌన్‌ల్యాండ్', మన ఊరి శివారు లాంటిది అనుకోండి, ఐర్లాండ్‌లో అలాంటివి 60,000కి పైనే. అది తెలియకుండా డబ్లిన్ రికార్డుల్లో ప్యాట్రిక్ సల్లివాన్ కోసం దిగడమంటే మన ఓటర్ల జాబితాలో వెంకటేశ్వర్లు కోసం దిగడమే. ముందు ఇక్కడివే చూడాలి: చర్చి పెళ్లి రిజిస్టర్లు, సమాధి రాళ్లు, 1831 నుంచి 1921 దాకా బోస్టన్ పైలట్ పత్రికలో 'మావాళ్లు ఎక్కడున్నారో చెప్పండి' అంటూ వేయించిన ప్రకటనలు. 1850లో న్యూయార్క్‌లో పెట్టిన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు ఇంకా నయం, ఖాతాదారుణ్ణి గుర్తుపట్టడానికి పుట్టిన ఊరు, అయినవాళ్ల వివరాలు, వచ్చిన ఓడ కూడా రాసుకుంది.

ఐర్లాండ్ జనాభా లెక్కలు అడిగినవాళ్లకి ఒక మాట. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల్లోని రికార్డు ఆఫీసు తగలబడి, 1821 నుంచి 1851 దాకా లెక్కలు దాదాపు అన్నీ పోయాయి. 1861, 1871వి ప్రభుత్వమే పారేసింది, 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధంలో గుజ్జు చేసేశారు! పూర్తిగా మిగిలినవాటిలో పాతవి 1901, 1911వే. కానీ నాకు బాగా నచ్చింది ఇంకోటుంది: 1909 నుంచి 70 ఏళ్లు నిండినవాళ్లకి పింఛను ఇవ్వడం మొదలైతే, వయసు రుజువు కోసం ముసలివాళ్లు 1841, 1851 లెక్కల్లో తమ పేరు వెతికించుకున్నారు, ఆ దరఖాస్తులు మిగిలాయి. అసలు పుస్తకం కాలిపోయినా ఒకావిడ చిన్నప్పటి ఇల్లు, అమ్మానాన్నల పేర్లు అందులో దొరకొచ్చన్నమాట.

మా తప్పు కూడా చెప్పాలి. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్లలోనూ ఉంది, దాంతో ఒక ఇంటి ప్యాట్రిక్‌ని పేరు, వయసు కుదిరాయని ఇంకో ఇంటికి అంటగట్టేశాం, రెండు నెలలు వృథా. 1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లని నమోదు చేసుకునే ఎల్లిస్ ఐలాండ్‌లో మొదట దిగిన ఐర్లాండ్ కార్క్ అమ్మాయి ఆనీ మూర్ విషయంలోనూ ఇదే జరిగింది. టెక్సాస్‌లో చనిపోయిన ఇంకో ఆనీ మూర్‌నే ఏళ్ల తరబడి ఆవిడ అనుకున్నారు. తీరా చూస్తే ఆ టెక్సాస్ ఆవిడ పుట్టింది అమెరికాలోనే, ఇల్లినాయ్‌లో! అసలు ఆనీ న్యూయార్క్‌లోనే బతికి, క్వీన్స్‌లో రాయి కూడా లేని సమాధిలో ఉందని 2006లో గానీ తేలలేదు.

వచ్చే ఏడాది పారిష్ రిజిస్టర్లు, అంటే అక్కడి చర్చిల్లో బాప్తిజాలు, పెళ్లిళ్లు రాసుకున్న పుస్తకాలు, మొదలుపెడతాం. 2015 నుంచి ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయం వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, కానీ చాలావాటిలో పేర్లు లాటిన్‌లో ఉంటాయి, జేమ్స్ అక్కడ 'జాకోబస్' అయిపోతాడు, కంగారుపడకండి. ఈలోపు వియ్యంకుల సమాధి రాళ్ల ఫొటోలు తీసి పంపండి, రాయి వెనక వైపు కూడా తీయండి, పోయినసారి ఒకరికి ఊరు పేరు అక్కడే దొరికింది.