ఆ పోచంపల్లి వేరు, ఈ పోచంపల్లి వేరు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. కిందటి ఆదివారం మీ పత్రిక పిల్లల పుటలో రాక్షసబల్లుల గురించి వచ్చిన వ్యాసాన్ని మా ఇంట్లో పిల్లలకన్నా ముందు నేనే చదివాను. కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ ప్రదర్శనశాలలో నిలబెట్టిన బరపాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం పోచంపల్లి దగ్గర దొరికిందని రాశారు. అంతవరకు సరైనదే. అయితే దాని పక్కనే మగ్గం బొమ్మ వేసి, పట్టుచీరలు నేసే ఊరికి ఈ ఘనత కూడా దక్కిందన్నట్టు రాయడం పొరపాటు. ఎముకలు బయటపడిన పోచంపల్లి నల్గొండ వైపున్న భూదాన్ పోచంపల్లి కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకాలోని మా పోచంపల్లి. పోచమ్మ గుడి లేని ఊరు తెలంగాణ వైపు అరుదు కనుక పోచంపల్లులు ఒకటికి పది ఉండటంలో వింత లేదు. మేము పటంలో మహారాష్ట్రలోనే ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే, తెప్పించుకునేది మీ పత్రికే. అందువల్ల ఈ సవరణ మేము కాక మరొకరు పంపుతారని అనుకోను.

ఇది ఊరి పేరు దగ్గర జరిగిన చిన్న తడబాటేనని తీసిపారేయవచ్చు. కాని చీరల పోచంపల్లి నేలలో రాక్షసబల్లి ఎముక దొరికే వీలు లేకపోవడానికి కారణం తెలుసుకుంటే, ఆ తడబాటు ఎంత కాలాన్ని దాటేసిందో అర్థమవుతుంది. నల్గొండ, హైదరాబాద్ ప్రాంతాలలో గుట్టలుగా కనిపించే గ్రానైటు భూగర్భంలో కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడగా ఏర్పడినది. దాని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అప్పటికి భూమి మీద సూక్ష్మజీవులు తప్ప వేరే ప్రాణి లేదు. చేప లేదు, చెట్టు లేదు, ఎముక అనేదే ఇంకా పుట్టలేదు. పైగా కరిగిన రాతిలో ఏ ప్రాణి ఆనవాలూ నిలవదు. శిలాజం కావాలంటే కళేబరాన్ని ఇసుకో ఒండ్రో త్వరగా కప్పెయ్యాలి, దాని మీద పొర తర్వాత పొర పేరుకోవాలి, నీటిలో కరిగివున్న ఖనిజాలు లక్షల ఏళ్లపాటు ఎముకలోకి ఇంకి దాన్ని రాయిగా మార్చాలి.

ప్రాణహిత, గోదావరి నదుల వెంబడి జరిగింది అదే. గ్రానైటు నేల మధ్య వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడవుగా కుంగిన లోయ ఒకటి ఉంది. కోట్ల ఏళ్లపాటు ఆనాటి నదులు, చెరువులు ఆ లోయను ఇసుకతో, బంకమట్టితో నింపుతూ వచ్చాయి. అడుగున ఉన్నది చంద్రపూర్‌లోనూ సింగరేణిలోనూ మనం తవ్వుకునే బొగ్గు. అది రాక్షసబల్లులు పుట్టకముందు నాటి అడవి. దానికి ఎంతో పైన, ఆసిఫాబాద్ దగ్గరి మలేరి ఎర్రమట్టిలో, సుమారు 22 కోట్ల ఏళ్ల నాటి ముక్కుబల్లుల (కొక్కెంలాంటి ముక్కున్న సరీసృపాల) ఎముకలు, ఊపిరితిత్తులున్న చేపల పళ్లు దొరికాయి. ఇంకా పైన ఉన్నవి కోట పొరలు. వాటికి ఆ పేరు ప్రాణహిత ఎడమ ఒడ్డున మా తాలూకాలోనే ఉన్న కోట గ్రామం వల్ల వచ్చింది. అక్కడి సున్నపురాయి పలకల్లో దొరికిన, నిగనిగలాడే గట్టి పొలుసుల చేపను ఎగర్టన్ అనే ఆంగ్లేయుడు 1851లోనే వర్ణించి, దానికి దక్కన్ పేరు కలిపాడు. బరపాసారస్ ఈ కోట పొరలదే. దాని కాలం 18, 19 కోట్ల ఏళ్ల కిందటిది.

పేర్ల విషయంలో మీ వ్యాసకర్తను పూర్తిగా తప్పుపట్టలేను, ఎందుకంటే చిక్కు అక్కడే ఉంది. మా పోచంపల్లిలో దొరికిన జంతువు తొడ ఎముకే సుమారు 1.7 మీటర్ల పొడవు ఉండటంతో, బెంగాలీ మాటలతో పెద్దకాలు అని అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. తవ్వకాలు జరిగిన 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం కనుక ఆయన పేరూ చేర్చి, 1975లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అది కోల్‌కతాలో ఉంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్నది మరొకటి, కోటసారస్. దాని ఎముకలు దొరికింది ప్రాణహితకు ఆవలి ఒడ్డున, పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో. 1988లో దాన్ని వర్ణించినవారు జియలాజికల్ సర్వేకు చెందిన యాదగిరి. అంటే తెలంగాణలో దొరికిన జంతువుకు మహారాష్ట్ర ఊరి పేరు, మహారాష్ట్రలో దొరికినదానికి బెంగాలీ పేరు. దొరికిన రెండు ఊళ్ల పేర్లూ తెలుగే. ఈ రెండింటి సంగతులూ కలగలిసిపోయే మీ వ్యాసం బరపాసారస్‌ను తెలంగాణ ఊరికి చేర్చి ఉంటుంది.

ఎక్కడ దొరికిందన్నదానికి ఇంత పట్టుబట్టడం ఊరి మీద మమకారంతో మాత్రమే కాదు. పోచంపల్లిలో దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి, పెద్ద చెట్ల దుంగలతో కలిసి ఒకేచోట పడివున్నాయి. ఆ మంద వరదలో కొట్టుకుపోయి ఉంటుందని పరిశోధకులు అనుకోవడానికి ఆధారం ఆ ఎముకలూ దుంగలూ పడివున్న తీరే. ఎవరో ఒక ఎముకను, ఇంకెవరో ఒక దుంగను ముందే పట్టుకుపోయి ఉంటే ఆ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

ఈ మాట అనే అర్హత నాకు అంతగా లేదని ఒప్పుకోవాలి. మా పెరట్లో బట్టలుతికే బండ రాయిగా మారిన చెట్టు దుంగ. తడిపితే వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. నా చిన్నతనంలో మా నాన్నగారు ఎడ్లబండి మీద తెచ్చివేశారు. ఏ వాగు గట్టు నుంచి, ఏ పొరలోంచి తెచ్చారో చెప్పడానికి ఆయన ఇప్పుడు లేరు. వడదం దగ్గర అటవీశాఖ వారి ఫాసిల్ పార్కులో ఉన్న అలాంటి దుంగల వద్ద పరిశోధకులు చేయగల పనిలో సగం కూడా మా బండ దగ్గర చేయలేరు. దాన్ని తిరిగి తీసుకెళ్లి పడేసినా పోయిన సమాచారం తిరిగి రాదు.

కనుక నా విన్నపం రెండు మాటలు. సవరణను లోపలి పుటలో మూల వెయ్యకుండా, పిల్లలు కత్తిరించి నోటుపుస్తకాల్లో అంటించుకునే ఆ పుటలోనే వేయండి. దానితోపాటు, పొలంలోనో వాగులోనో వింత రాయి కనిపిస్తే పెకలించవద్దని, పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, అటవీ సిబ్బందికో తమ ఉపాధ్యాయులకో చెప్పమని రాయండి. ఎందుకంటే దొరకవలసింది ఇంకా ఉంది: బరపాసారస్‌కు గాని, కోటసారస్‌కు గాని పుర్రె ఇంతవరకు దొరకలేదు. ప్రదర్శనశాలల్లో మీరు చూసే తలలు ఊహించి చేసినవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా