నాందేడ్ జిల్లా మాళేగావ్ గుర్రాల జాతరకు పోయేవాళ్లకు: ఎత్తొక్కటే చూడకండి

దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ సభ్యులకు నమస్కారం. జాతరలో మగగుర్రాన్ని చూడగానే మనం ముందు అడిగేది ఎత్తే. నార్తర్న్ డాన్సర్ సంగతి చూడండి. 1961లో కెనడాలో పుట్టిన పొట్టి థరోబ్రెడ్ (పందెపు గుర్రాల జాతి). ఏడాది వయసులో 25,000 డాలర్లకు పెడితే ఎవరూ కొనలేదు. 1964లో అమెరికాలోని పెద్ద పందెం కెంటకీ డెర్బీని సరిగ్గా 2 నిమిషాల్లో గెలిచింది, అప్పటికి అది రికార్డు. అక్కడి మరో పెద్ద పందెం ప్రీక్‌నెస్ కూడా గెలిచి, బెల్మాంట్ పందెంలో మూడోది. మొత్తం 18 పందేలు, 14 గెలుపులు. కాలి స్నాయువు దెబ్బతిని ఆ ఏడే పరుగు ఆగింది.

అసలు గొప్పతనం తర్వాతే. కొడుకు నిజిన్‌స్కీ 1970లో ఇంగ్లండ్ ట్రిపుల్ క్రౌన్ (మూడు పెద్ద పందేలూ) గెలిచింది. ఇంకో కొడుకు సాడ్లర్స్ వెల్స్ బ్రిటన్, ఐర్లండ్‌లలో 14 సార్లు మేటి తండ్రిగుర్రం. మరో మేటి తండ్రిగుర్రం గలీలియో ఈ సాడ్లర్స్ వెల్స్ కొడుకే. అందుకే ఎత్తుకన్నా కాళ్లు, తల్లి వైపు వంశం చూడండి. వృషణాలు రెండూ దిగాయో లేదో తడిమి చూడడం మరవద్దు.

ఆడగుర్రం ఎద 5 నుంచి 7 రోజులుంటుంది, అండం విడుదలయ్యేది చివరి 24–48 గంటల్లో. మొదటి రోజు దాటించి ఊరుకుంటే చూలు నిలవకపోవచ్చు. మూడో రోజు నుంచి రోజు విడిచి రోజు దాటించండి. 14–16 రోజులకు స్కానింగ్ తప్పనిసరి. కవలలుంటే డాక్టరుతో అప్పుడే ఒకదాన్ని తీయించాలి, వదిలేస్తే చాలాసార్లు రెండూ పోతాయి. థరోబ్రెడ్ పిల్లకు రిజిస్ట్రేషన్ కావాలంటే సూదితో (కృత్రిమంగా) చూలు కట్టించడం చెల్లదు, నేరుగా దాటించాల్సిందే.