ఓడ దిగే చెట్టుకు పరీక్ష ఏది?

సంపాదకుల వారికి, నమస్కారం.

విజయవాడ, మంగళగిరి, గుంటూరు మధ్య వెంచర్ల ముందు ఇప్పుడో కొత్త ఫ్యాషన్ నడుస్తోంది. మొక్క నాటి నీళ్లు పోసి పెంచే ఓపిక ఎవరికీ లేదు, ఏకంగా ముదురు చెట్టునే కొని దించేస్తున్నారు. ఆలివ్ చెట్లు, రకరకాల పామ్‌లు, వంకర కాండాల ఫైకస్‌లు. 'ఇంపోర్టెడ్' అంటే చాలు, బేరం కూడా ఆడరు.

మొన్నామధ్య హైవే పక్కన ఒక వెంచర్ ముందు అలాంటి ఆలివ్ చెట్టును క్రేన్‌తో దించుతుంటే ఆగి చూశాను. వేళ్ల చుట్టూ గోనెపట్టా, దానిపైన ఇనుప వల. పట్టా చిరిగినచోట గట్టి మట్టిగడ్డ. ఈ మట్టి ఎక్కడిదండీ అని సూపర్‌వైజర్‌ను అడిగితే "చెట్టుతో పాటే వచ్చింది సార్" అన్నాడు. కాగితాలు అడిగితే నర్సరీ బిల్లు చూపించాడు. విదేశీ మొక్కల వెంట మట్టి రావడాన్ని మొక్కల దిగుమతికి కేంద్రం పెట్టిన నిబంధనలు, అంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్, నిషేధించాయి. ఆ మట్టి ఇక్కడి నర్సరీలో మార్చినదే కావచ్చు, పాపం అతనికి ఆ సంగతి తెలియకపోవచ్చు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు. చెట్టు ఏ దేశానిది, ఏ రేవులో దిగింది, ఎవరు పరీక్షించి వదిలారు? కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు.

ఇదే పని యూరప్‌లో ఎలా చేస్తారో చూడండి. బిర్చ్ అని తెల్ల బెరడు చెట్టు ఉంది, మన హిమాలయాల భూర్జ వృక్షానికి దగ్గరి చుట్టం. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ అక్కడి బిర్చ్ మొక్కలకు అడ్డు లేదు. విడిపోయాక అవే పరాయి దేశపు మొక్కలయ్యాయి. యూనియన్ 2019 డిసెంబరు నుంచి అమలు చేస్తున్న హై రిస్క్ మొక్కల జాబితాలో, అంటే ముప్పు ఎంతో తేల్చేదాకా బయటి దేశాల నుంచి రానివ్వని మొక్కల జాబితాలో, బిర్చ్ ఉంది మరి. (అదే జాబితాలో దిరిసెన, దేవకాంచనం, గన్నేరు, చివరికి మల్లె జాతులు కూడా ఉన్నాయి. మన మల్లె అంటుకు వాళ్లు జంకుతారు, వాళ్ల చెట్టుకు మనం ఎదురెళ్లి దండ వేస్తాం!)

తన బిర్చ్ మొక్కలను రానివ్వమని బ్రిటన్ దరఖాస్తు పెట్టుకుంటే యూరప్ ఆహార భద్రత సంస్థ శాస్త్రవేత్తలు లెక్కకు కూర్చున్నారు. ముందు ఆ చెట్టును ఆశించే పురుగులు, తెగుళ్లు, నులిపురుగులు అన్నీ ఏకరువు పెడతారు. యూరప్‌లో ఇప్పటికే పాతుకుపోయినవి, మొక్కతో ప్రయాణం చేయలేనివి కొట్టేస్తారు. మిగిలిన కొద్దిపాటి వాటిలో ఒక్కొక్కదానికీ ఒకటే ప్రశ్న: పదివేల మొక్కలు వస్తే అందులో ఎన్ని శుభ్రంగా ఉంటాయి? జవాబుగా ఒక అంకె వేసి ఊరుకోరు, ఆ అంకె మీద తమకు ఎంత నమ్మకమో, ఎంత అనుమానమో కూడా రాస్తారు. ఆ నివేదికను ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. నాకు అన్నింటికన్నా నచ్చింది ఇదే.

అంత చాదస్తం దేనికంటే, కారణం ఉంది. అమెరికాలో బిర్చ్ బెరడు కింద తొలిచే పురుగు ఒకటుంది. అక్కడి బిర్చ్‌లకు అది పాత శత్రువే, తట్టుకుంటాయి. ఒహాయోలో వాటి పక్కనే యూరప్, ఆసియా బిర్చ్‌లను కూడా నాటి ఇరవై ఏళ్లు గమనించారు. అమెరికా చెట్లు చాలావరకు నిలబడ్డాయి, బయటివి ఒక్కటీ మిగల్లేదు. బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది కాబట్టి లోపల పిల్ల పురుగు తొలుస్తున్నా పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. బెరడు మీద ఇంగ్లీషు 'డి' ఆకారంలో రంధ్రం కనిపించిందంటే పురుగు అప్పటికే బయటపడి ఎగిరిపోయినట్టు.

బిర్చ్ మన ఎండకు బతకదు, మనకెందుకీ గోల అంటారేమో. సరే, ఆలివ్‌కే వద్దాం. 2013లో ఇటలీ దక్షిణాన పుల్యా ప్రాంతంలో ఆలివ్ తోటలను ఎండగొడుతున్నది జైలెల్లా అనే బ్యాక్టీరియా అని తేలింది. కోస్టారికా నుంచి అలంకరణ కోసం తెచ్చిన కాఫీ మొక్కతో అది దిగిందని శాస్త్రవేత్తల అంచనా. తాతముత్తాతల నాటి చెట్లు లక్షల్లో పోయాయి. కొన్ని మొక్కల్లో అది ఏ లక్షణమూ చూపకుండా దాక్కుంటుంది. కంటితో చూసి 'బాగానే ఉంది' అని ముద్ర కొడితే ఏం లాభం?

గుంటూరు రైతుకు ఇది కథ కాదు. 2021 చివర్లో మిర్చి పువ్వు కోసి అరచేతిలో తడితే సన్నటి నల్ల తామర పురుగులు గుంపుగా రాలేవి. పూత నిలిచేది కాదు, నిలిచిన కాయ వంకర తిరిగేది. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, చివరికి తోట పీకేసినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. కౌలుదారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అది ఆగ్నేయాసియా పురుగు, మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదట గుర్తించారు. గ్రీస్‌లో అదే పురుగు గార్డెనియా పూలమొక్కల మీద దొరికింది, అమెరికాలోని ఫ్లోరిడాలో 2020లో అలంకరణ మొక్కల గ్రీన్‌హౌస్‌లో బయటపడింది. మిర్చి రైతును ముంచిన పురుగుకు పూలకుండీ కూడా ఒక వాహనమేనన్నమాట.

కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ సంగతీ అంతే. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో కనబడింది, కొద్దికాలానికే గోదావరి జిల్లాలకు చేరింది. దాన్ని చంపే మిత్ర పురుగులనూ శిలీంద్రాన్నీ పెంచి రైతులకు పంచే పని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం నెత్తిన పడింది.

మనకు చట్టం లేక కాదు. ముప్పు విశ్లేషణ జరగని కొత్త మొక్కను దేశంలోకి రానివ్వకూడదని 2003 ఆర్డర్‌లోనే ఉంది. పర్మిట్, మొక్కకు పురుగూ తెగులూ లేవని ఎగుమతి చేసే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, కొన్నింటికి దిగాక కూడా విడిగా ఉంచి గమనించే క్వారంటైన్ ఉన్నాయి. కానీ ఆ కాగితం చెట్టుతో పాటు మన వీధి దాకా రావడం లేదు.

రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ గానీ, విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థలు గానీ విదేశీ చెట్లకు టెండరు పిలిస్తే క్వారంటైన్ విడుదల ఉత్తర్వు కాపీ జత చేయాలని షరతు పెట్టాలి, అది లేనిదే బిల్లు పాస్ చేయకూడదు. వెంచర్లకు లేఅవుట్ అనుమతిలోనే ఇది రాయొచ్చు. కడియం నర్సరీల వాళ్ల పొట్ట కొట్టమనడం లేదు, పురుగు దిగితే మొదట మునిగేది వాళ్లే. ఆ మాటకొస్తే నీడకు పొగడ, కానుగ, తెల్లమద్ది చాలవా అన్నది నా సొంత అభిప్రాయం, దాన్ని పక్కన పెట్టండి. విజయవాడలో కేంద్ర సమగ్ర సస్యరక్షణ కేంద్రం ఉంది, గుంటూరును ఆనుకుని లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఇప్పటికే నాటిన పెద్ద చెట్లను వాళ్లచేత ఒకసారి చూపించాలి. ఆ వివరాలు తెలుగులో రైతు సేవా కేంద్రాల్లో పెట్టాలి. వచ్చే వర్షాకాలం నాట్ల టెండర్లకు ముందే ఇది తేల్చాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక మిర్చి రైతు, గుంటూరు జిల్లా